గోదారి గాలిలో పైపు: కండెదా, బ్రయర్‌దా? వర్జీనియానా, బర్లీయా? ఏది మేలు?

కొత్తగా పైపు పట్టినవాళ్ళు తిప్పితిప్పి అడిగే ప్రశ్నలు రెండే. మొదటి పైపు బ్రయర్ చెక్కది కొనాలా, మొక్కజొన్న కండెది చాలా? అందులో వేసే పొగాకు సువాసన కలిపిన కేవెండిషా, వర్జీనియానా, బర్లీయా? ఈ ప్రశ్నలకి హైదరాబాదులో ఉన్నవాళ్ళకి చెప్పే జవాబు అమలాపురంలోనో, నరసాపురంలోనో ఉన్నవాళ్ళకి సరిపోదు. తేడా రుచిలోనూ లేదు, ధరలోనూ లేదు, గాల్లో ఉన్న తేమలో ఉంది. వేయించిన అప్పడాల డబ్బాకి మూత సరిగ్గా పెట్టకపోతే సాయంత్రానికల్లా మెత్తబడిపోయే ఊళ్ళు మనవి. అందుకని ఇక్కడ ప్రతి పోలికా తేమ దగ్గరే మొదలుపెడుతున్నాను.

ముందుగా ఒక మాట. పైపు పొగ గుండెల్లోకి పీల్చేది కాదు, నోట్లో ఉంచి వదిలేది. అంతమాత్రాన నోటికీ గొంతుకీ కేన్సరు ముప్పు తప్పదు. ఇప్పటిదాకా పొగ అలవాటు లేనివాళ్ళు దీంతో మొదలుపెట్టొద్దు. ఇది ఇప్పటికే పైపు పట్టి, నాలుక మండి, తప్పెక్కడో తెలియక తికమకపడుతున్నవాళ్ళ కోసం.

పొగాకు పండించే ఇళ్ళల్లో పదును, అంటే ఆకులో ఉండాల్సినంత తేమ, అన్న మాటకి చాలా విలువ. బ్యారన్‌లో, అంటే ఆకుని వేడి గాలికి ఆరబెట్టే కొట్టంలో, కాలిన ఆకు అప్పటికప్పుడు పట్టుకుంటే పొడి అయిపోతుంది. అందుకే తలుపులు తెరిచి రాత్రి గాలి తగలనిచ్చి, ఆకు మెత్తబడ్డాకే దించుతారు. గాల్లో తేమ ఎంత ఉంటే ఆకు అంత తాగేస్తుంది. పైపు పొగాకు కూడా ఆకే. డబ్బా తెరిచేసరికి అందులో మామూలుగా 15 నుంచి 20 శాతం దాకా తేమ ఉంటుంది. హాయిగా కాలాలంటే 12, 13 శాతం దగ్గర ఉండాలి. ఆ పైన ఉన్న నీరంతా గిన్నెలో, అంటే పైపులో పొగాకు నింపే గుంటలో, ఆవిరవుతుంది. నాలుకని కాల్చేది ఎక్కువగా ఆ ఆవిరే. తడి పొగాకు మాటిమాటికీ ఆరిపోతుంది, ఆరిందని గట్టిగా లాగుతాం, లాగితే మంట పెరుగుతుంది, ఆవిరీ పెరుగుతుంది. చివరికి గిన్నెకి అతికి ఉన్న కాడలో గురగుర శబ్దం, గిన్నె అడుగున నల్లటి ముద్ద, నాలుక చివర పచ్చిమిరపకాయ కొరికినట్టు మంట. కొత్తవాళ్ళలో చాలామంది పైపు బాగోలేదనో, పొగాకు నాసిరకమనో అనుకునేది దీన్నే.

పదును చూడ్డం కష్టమేమీ కాదు. చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కి వదలండి. ముద్దగానే ఉండిపోతే తడి ఎక్కువ. నెమ్మదిగా విచ్చుకుంటే సరిగ్గా ఉంది. పెటపెటమని విరిగి పొడి రాలితే మరీ ఎండింది. ఈ మూడింట్లో మన ప్రాంతంలో మూడోది చూడ్డం అరుదు.

కాగితం మీద పరిచి గంటసేపు ఆరబెట్టమని విదేశాలవాళ్ళు రాస్తారు. ఏప్రిల్ మధ్యాహ్నం మనకీ అది నడుస్తుంది. శ్రావణ మాసంలో, కాలవ గట్టు పక్క ఇంట్లో గంటసేపు పరిచారంటే సగం ఆరి ఉన్న పొగాకు కూడా మళ్ళీ తడెక్కుతుంది. అప్పుడు చేయాల్సింది వేరు. ఏసీ గది ఉంటే, గిన్నెకి పట్టే రెండు మూడు గ్రాములు మాత్రం పళ్ళెంలో పలచగా పరిచి 20, 30 నిమిషాలు ఉంచండి. ఏసీ లేకపోతే, వంటయ్యాక పొయ్యి మీంచి దించిన పెనం అరచెయ్యి ఆనిస్తే ఓర్చుకోగలిగినంత చల్లారాక, దాని మీద కాగితం, కాగితం మీద పొగాకు పరిచి ఐదు నిమిషాలు ఉంచండి, మధ్యలో ఒకసారి తిరగెయ్యండి. అంతకన్నా వేడి ఉంటే సువాసన పెనం మీదే ఎగిరిపోతుంది. ఆరిన వెంటనే నింపేసుకోవాలి, పక్కన పెట్టి వేరే పనికి వెళ్ళకూడదు.

ఇక పొగాకుల సంగతి. సువాసన కలిపిన కేవెండిష్ దగ్గరే ఎక్కువమంది మొదలుపెడతారు. వెనిల్లా, చెర్రీ, చాక్లెట్ వాసనలు, ఇంట్లోవాళ్ళు కూడా మొహం చిట్లించరు. అది దాని మంచి గుణమే, కాదనను. కానీ ఆ ఆకుని ఆవిరి పట్టి, నొక్కి, తీపి పూతలు పూసి, ఎండకుండా ఉండటానికి ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు. ఆ గ్లైకాల్ పనే తేమని పట్టి ఉంచడం. పొడి దేశాల్లో అది మేలు చేస్తుంది, కోనసీమలో కీడు చేస్తుంది. పెనం మీద పెట్టినా పైపైన ఆరినట్టుంటుంది, లోపల జిగట పోదు. పైగా ఆ వాసనలు పక్కవాళ్ళకి తెలిసినంతగా తాగేవాళ్ళ నాలుకకి తెలియవు. మొదటి పొగాకుగా, అందులోనూ వానల్లో, దీన్ని నేను ఎవరికీ చెప్పను. తప్పదనుకుంటే దీనికో పైపు వేరుగా పెట్టుకోండి, ఎందుకంటే ఆ వాసన గిన్నెకి పట్టేస్తుంది, తరవాత వేసే ప్రతి పొగాకులోనూ తగులుతుంది. సగం గిన్నె మాత్రమే నింపండి.

వర్జీనియా అందరికన్నా మనకి దగ్గర బంధువు. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి మెట్ట నేలల్లో పండేది అదే. బ్యారన్‌లో వేడి గాలికి ఐదారు రోజులు కాలడం వల్ల ఆకులో చక్కెర నిలిచిపోతుంది. తీపి, ఎండుగడ్డి వాసన, కొంచెం నిమ్మ పులుపు, అన్నీ దాన్నుంచే. నాలుకని కాల్చేదీ ఆ చక్కెరే, తొందరపడి లాగితే. పలకలుగా నొక్కిన ఫ్లేక్ కొంటే దాన్ని అరచేతిలో నలిపి పూర్తిగా విడదియ్యండి. మడిచి గిన్నెలో కూరే పద్ధతి చెయ్యి తిరిగాక చూడొచ్చు. విడదీస్తేనే లోపలి తడి ఆరుతుంది. వర్జీనియా తాగేవాళ్ళకి కావాల్సింది నిదానం. పదిహేను ఇరవై సెకన్లకి ఒకసారి, వేడి కాఫీ చప్పరించినట్టు చిన్నగా లాగాలి. అలా తాగగలిగితే దీన్ని మించిన రుచి లేదు. గాలి చొరకుండా మూతపెట్టిన గాజు సీసాలో ఏళ్ళ తరబడి ఉంచితే ఇంకా మెరుగవుతుంది.

బర్లీ నీడన గాలికి ఆరిన ఆకు. చక్కెర దాదాపు ఉండదు. ఆకు గుల్లగా ఉంటుంది కాబట్టి తేమ తొందరగా వదులుతుంది, వర్జీనియా కన్నా నిదానంగా, చల్లగా కాలుతుంది. వేయించిన వేరుశనగ పప్పు మీద పొట్టు వాసన లాంటి రుచి, కొంచెం కోకో. 1907 నుంచి అమ్ముతున్న ప్రిన్స్ ఆల్బర్ట్ లాంటివి ఎక్కువ భాగం బర్లీయే. మన తేమకి కొత్తవాళ్ళ చేతిలో తట్టుకునేది ఇదే. అదే పెనం మీద ఐదు నిమిషాల్లో పదునుకి వస్తుంది, కొంచెం గట్టిగా లాగినా క్షమిస్తుంది. ఒక్క జాగ్రత్త: నికోటిన్ ఎక్కువ. దాని పొగకి క్షార గుణం ఉండటం వల్ల నోటి పొర నుంచే ఒంట్లోకి ఎక్కుతుంది. ఖాళీ కడుపుతో వద్దు. ఎక్కిళ్ళు, చల్లని చెమట, కడుపులో తిప్పడం మొదలైతే పైపు వెంటనే పక్కన పెట్టి, కూర్చుని, బెల్లం ముక్క నోట్లో వేసుకుని నీళ్ళు తాగండి.

లటకియా, పెరీక్‌ల గురించి అడుగుతారు. మొదటిది కట్టెల పొగలో ఆరబెట్టిన ఆకు, రెండోది ఒత్తిడిలో పులియబెట్టింది. రెండూ ఏడాది తరవాత సంగతి.

కానీ మన వైపు వాళ్ళు అడిగే ఇంకో ప్రశ్నకి సరైన జవాబు కావాలి: లంక పొగాకు పైపులో వేసుకోకూడదా? వరద వదిలిన ఒండ్రులో పండి చుట్టలకి పోయే ఆకది. ఘాటు చాలా ఎక్కువ, పొగది పూర్తిగా క్షార గుణం. అందుకని ఒట్టి లంకాకు వేస్తే మూడో పీల్పుకే తల తిరుగుతుంది. ఈనె తీసేసి, సన్నగా తరిగి, బర్లీలో పదో వంతు కలిపితే మాత్రం మంచి బలం వస్తుంది. ఇక బ్యారన్ నుంచి వచ్చిన వర్జీనియా ఆకు నేరుగా కొనుక్కుంటామంటారు. రిజిస్టరైన రైతు ఆ ఆకుని పొగాకు బోర్డు వేలం కేంద్రంలోనే అమ్మాలి, ఆయన్ని ఇబ్బంది పెట్టకండి. దొరికినా అది నొక్కని, నిల్వ పెట్టని పచ్చి ఘాటు ఆకు. సిగరెట్టు కంపెనీలు కూడా దాన్ని నిలవ పెట్టకుండా వాడవు.

పైపుల్లో పోటీ ముఖ్యంగా రెండింటి మధ్యే. బ్రయర్ అంటే మధ్యధరా తీరాల్లో పెరిగే ఎరికా అర్బోరియా పొద వేరు దగ్గరి గడ్డ. దాన్ని గంటలకొద్దీ ఉడికించి నెలల తరబడి ఆరబెట్టి చెక్కుతారు. వేడికి తట్టుకుంటుంది, సరిగ్గా చూసుకుంటే మనవడి దాకా వస్తుంది. కండె పైపు అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని వాషింగ్టన్ పట్టణంలో 1869 నుంచి తయారవుతోంది. ఎండబెట్టిన కండె మీది గుంటల్ని ప్లాస్టర్‌తో పూడ్చి చేస్తారు. తేలిక, చవక.

మన తేమలో కండె గెలిచేది ఎక్కడంటే, అది పొగాకు వదిలే నీటిని తనే పీల్చుకుంటుంది. మచ్చిక చేసే పని లేదు, మొదటి రోజు నుంచే నిండా నింపొచ్చు. బ్రయర్‌కి మొదటి పది పదిహేను సార్లు సగం గిన్నెతోనే తాగాలి, లోపల బొగ్గు పొర మిల్లీమీటరు మందం కట్టేదాకా. ఆ పొర లేకుండా తడి పొగాకు గట్టిగా లాగితే చెక్క లోపల కాలి గుంట పడుతుంది, అది బాగుకాదు. కొత్తవాళ్ళు గట్టిగానే లాగుతారు. కాబట్టి మొదటి ఆరు నెలలు కండెవి రెండు, ఆ తరవాత మంచి బ్రయర్ ఒకటి. నా ఓటు దీనికే. ఒకేసారి ఖరీదైన బ్రయర్ ఒక్కటి కొని రోజూ అదే వాడటం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. తాగిన బ్రయర్ మళ్ళీ ముట్టుకునేలోపు కనీసం ఒక రోజు ఆరాలి, వానల్లో రెండు రోజులు. కండె లోపల పొర మందంగా పెరగనివ్వొద్దు, గీకితే కండె ఊడొస్తుంది. కాగితం మెలితిప్పి తుడిస్తే చాలు.

శీషమ్ చెక్కతో చేసిన చవక పైపులు కనిపిస్తాయి. గిన్నె లోపల వార్నిష్ పూసినవి ఉంటాయి, కాలితే ఆ వాసనే తాగాలి. వద్దు. మీర్‌షామ్ అనే తెల్లటి మెత్తటి ఖనిజంతో చేసిన పైపు తేమ బాగానే పీలుస్తుంది గానీ జారితే ముక్కలవుతుంది. మట్టి పైపు చెయ్యి కాలుస్తుంది.

స్టెమ్, అంటే కాడకి తగిలించి పళ్ళతో పట్టుకునే ముక్క, దాని సంగతి ఎవరూ అడగరు, అడగాలి. నల్ల ఎబొనైట్ (గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు) స్టెమ్ పళ్ళకి మెత్తగా ఉంటుంది, కానీ ఎండా తేమా కలిసిన చోట ఆకుపచ్చగా పాలిపోయి గంధకం రుచి వస్తుంది. మనకి ఏక్రిలిక్ మేలు. దాన్ని ఘాటైన స్పిరిట్‌తో తుడవొద్దు, సన్నటి పగుళ్ళు పడతాయి. ఇప్పటికే ఎబొనైట్ ఉంటే కిటికీలో పెట్టకండి, 1000 నంబరు, ఆ తరవాత 2000 నంబరు వాటర్ పేపర్ తడిపి రుద్ది, చుక్క నూనె రాయండి.

నింపడం ఇలా. మొదటి విడత వేళ్ళ మధ్య నుంచి రాలనిచ్చి, నొక్కకుండా గిన్నె నింపండి, తేలిగ్గా సగానికి దించండి. రెండో విడత వేసి మూడు వంతులకి. మూడోది పై అంచుకి కొంచెం కిందకి, ఇంకాస్త గట్టిగా. ముట్టించకుండానే ఒకసారి పీల్చి చూడండి. కొబ్బరిబోండాంలో గొట్టం వేసి పీల్చినంత తేలిగ్గా రావాలి. రాకపోతే మొత్తం తీసి మళ్ళీ నింపండి, పుల్లతో పొడిచి సరిచేద్దామనుకుంటే సరిపడదు. అగ్గిపుల్ల తల మందు పూర్తిగా కాలాక గిన్నె మీద గుండ్రంగా తిప్పుతూ వెలిగించండి. పొగాకు పైకి లేస్తుంది, దాన్ని టాంపర్ (పొగాకు అణిచే చిన్న పనిముట్టు) బరువుతోనే అణిచి రెండోసారి వెలిగించండి. జెట్ లైటర్ అంచు మాడ్చేస్తుంది.

తాగాక గిన్నె, కాడ రెండూ పూర్తిగా చల్లారేదాకా స్టెమ్ ఊడదీయకూడదు. వేడిలో లాగితే కాడ పగులుతుంది. పైపు తుడవడానికి అమ్మే దూది చుట్టిన తీగ ఒకటి స్టెమ్‌లోంచి గిన్నె అడుగుకి తగిలేదాకా పోనిచ్చి, నల్లబడటం ఆగేదాకా తీగలు మార్చండి. ఆదివారాలు తీగ చివరని వోడ్కాలో ముంచి కాడ తుడవండి. మందుల షాపు సర్జికల్ స్పిరిట్ వద్దు, అందులో కలిపినవి నోట్లోకి పోకూడనివి. గిన్నె పుల్లవాసన కొడితే గిన్నెలో దూది కూరి, వోడ్కాతో తడిపి, రాత్రంతా ఉంచి పొద్దున తీసెయ్యండి, తరవాత మూడు రోజులు ఆరనివ్వండి. దూదికి బదులు ఉప్పు వేసే పద్ధతి చెక్కని పగలగొట్టొచ్చు. కుళాయి కింద మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

వానాకాలం పైపుని బీరువాలో మూసిపెడితే పది రోజుల్లో గిన్నెలో తెల్లటి బూజు కనిపిస్తుంది. గాలాడే అరలో నిలబెట్టండి, ఒక దూది తీగ లోపలే వదిలెయ్యండి. పొగాకుని 50 గ్రాముల డబ్బా తెరవగానే రెండు మూడు చిన్న గాజు సీసాల్లోకి, రబ్బరు వాషరున్న మూతతో మార్చండి, రోజూ తెరిచేది ఒకటే ఉండాలి. వర్జీనియా మీద మెరిసే పలుకులు కనిపిస్తే అవి ఆకులోంచి వచ్చినవే, భయం లేదు. నూగులా లేచి ముక్క వాసన వస్తే బూజు, పారెయ్యండి. పసుపు కొమ్ములకి పట్టే పురుగే పొగాకుకీ పడుతుంది. విడిగా కొన్న ఆకైతే గాలి చొరని సంచీలో వారం రోజులు ఫ్రీజర్లో ఉంచి, బయట పెట్టాక పూర్తిగా మామూలు వేడికి వచ్చేదాకా సంచీ విప్పకండి. విప్పితే చల్లని ఆకు మీద గాలిలో నీరంతా చెమ్మగా దిగుతుంది.