గంటస్తంభం దగ్గర పటం కట్టించిన పూసాన్ బొమ్మ

విజయనగరం గంటస్తంభానికి దగ్గరలో, డిజిటల్ ప్రింటు తీసి పటం కూడా కట్టి ఇచ్చే ఒక కొట్టులో, ఫ్రెంచి చిత్రకారుడు నికొలా పూసాన్ సిరాతో వేసిన ‘అడోనిస్ జననం’ బొమ్మకు ఏ3 సైజు ప్రతి తీయించుకున్నాను. దేవుడి పటాలూ పెళ్లి ఫోటోలూ కట్టడంలో చేయి తిరిగిన ఆ కొట్టువారికి ఇలాంటి పని కొత్త కావడంతో మొదటి ప్రతి పాడైంది. రెండోది ఇప్పుడు మా ముందుగది గోడ మీద ఉంది.

ఏం పాడైందో తెలియాలంటే అసలు బొమ్మ సంగతి చెప్పాలి. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథలో, కన్నతండ్రినే మోహించిన రాకుమారి మిర్రా దేవతలను వేడుకుని చెట్టుగా మారిపోతుంది. ఆమె కన్నీరే బోళమట, మన పచారీ కొట్లలో అడిగితే ఇచ్చే ఆ బంకే. చెట్టు కాండం చీల్చుకుని పుట్టిన అడోనిస్‌ను స్త్రీలు అందుకుంటున్న ఘట్టాన్ని పూసాన్ 1623 ప్రాంతంలో, ఇంకా రోమ్ చేరకముందు, ఇటలీ కవి మరీనో కోసం కలంతో గీసి, పైన పలచగా బూడిదరంగు పూత వేశాడు. అసలు బొమ్మ ఇంగ్లండులోని విండ్సర్ కోటలో ఉంది. పూత పడినచోట నీడ, పడనిచోట ఉత్త కాగితమే వెలుగు కావడంలో ఉంది దాని అందమంతా.

కొట్టులోని కుర్రవాడు ఆ పూతను మరకలనుకుని, కాంట్రాస్టు పెంచి, తెల్లగా తోమినట్టు చేసి, నిగనిగలాడే ఫోటో కాగితం మీద తీసి పెట్టాడు. గీతలు నల్లగా తేలాయి గానీ, నీడలు పోయిన ఆ స్త్రీలు పిల్లలు రంగులేసుకునే పుస్తకంలోని బొమ్మల్లా తయారయ్యారు. యజమాని మాత్రం “ఈ మచ్చలు ఇలాగే ఉంచీమంటారాండీ?” అని రెండుసార్లు అడిగి, ఉంచమన్నాక ఫైలును ముట్టుకోకుండా మ్యాట్ కాగితం మీద మళ్లీ తీయించారు, అదనంగా పైసా అడగలేదు.

పటం కట్టిన తీరుకు వంక పెట్టలేను. బొమ్మ చుట్టూ రెండంగుళాల వెడల్పున మందపాటి అట్ట (మౌంటు) వేయడం వల్ల అద్దానికీ కాగితానికీ ఎడం ఉంది, వానాకాలపు చెమ్మకు అంటుకుపోయే భయం లేదు. వెనక కొక్కెం మాత్రం మధ్యకు కాస్త పక్కగా కొట్టారు. పటం కుడివైపుకు ఒరుగుతూనే ఉంటుంది. మొత్తం రూ.650 తీసుకుని, వారంలో ఇచ్చారు. అక్కడికి వెళ్లేవారు ఫైలు తెరవకముందే ఆ కుర్రవాడికి ఏదీ దిద్దవద్దని చెప్పండి.