హనుమకొండలో ఒక కమ్యూనికేషన్ కోర్సు: నా అభిప్రాయం

హనుమకొండలోని ఒక శిక్షణ సంస్థ డిగ్రీ విద్యార్థుల కోసం సాయంత్రాలు నడుపుతున్న కమ్యూనికేషన్ కోర్సులో, తప్పుడు వార్తలను పసిగట్టడం నేర్పే తరగతుల కోసమైనా చేరవచ్చునని నా గట్టి అభిప్రాయం. వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక ఫొటోను తెర మీద పెట్టి, అది మేడారం జాతర జనమేనా అని అడిగారు. తరగతి రెండుగా చీలి వాదించుకున్నాక, ఫొటోతోనే వెతికే గూగుల్ లెన్స్‌లో వెతికించి, అది ఏళ్ల కిందటే వేరే రాష్ట్రపు ఉత్సవం పేరుతో వచ్చిన ఫొటో అని మా చేతనే కనిపెట్టించారు. ఫొటో నిజమైనదే, దాని కింది రాత అబద్ధం. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు వచ్చారన్న పుకార్లకు అమాయకులు బలైన 2018లో, వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఒకేసారి ఐదు చాట్‌లకు పరిమితం చేసిన సంగతిని కూడా కారణాలతో సహా వివరించారు.

వక్త మీద నమ్మకం, శ్రోతల భావోద్వేగం, తర్కం అని, ఎదుటివారిని ఒప్పించడానికి గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చెప్పిన మూడు సాధనాలను ఎన్నికల ప్రసంగాలకు అన్వయించిన తీరు బాగుంది. ఒప్పించడానికీ రెచ్చగొట్టడానికీ మధ్య గీత ఎక్కడుందో మరికొంత చర్చించవలసింది.

ప్రసంగ అభ్యాసం మాత్రం నిరాశపరిచింది. బ్యాచ్‌లో మంది ఎక్కువ కావడంతో ఒక్కొక్కరికి మైకు దక్కేది కాసేపే. పైగా ఇంగ్లిషులోనే మాట్లాడాలన్న నియమం వల్ల, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన తెలుగు మీడియం విద్యార్థులు, తమ ఊళ్లో ధారాళంగా మాట్లాడేవారే, ఇక్కడ నోరు మెదపలేకపోయారు. ఈ నియమాన్ని వెంటనే సడలించాలని నిర్వాహకులను మనస్ఫూర్తిగా కోరుతున్నాను. చేరదలచినవారు ఫీజు కట్టేముందు బ్యాచ్‌లో ఎందరున్నారో తప్పక అడిగి తెలుసుకోండి.