జాజ్ వినడానికి ఏది మేలు: ఎల్పీయా, సీడీయా, స్ట్రీమింగా?

జాజ్ రికార్డుల కంపెనీ బ్లూ నోట్ 2019లో ‘టోన్ పొయెట్’ వరుస మొదలుపెట్టాక పాత జాజ్ రికార్డులు ఎల్పీలుగా మళ్లీ జోరుగా అచ్చవుతున్నాయి. ఇటు స్పాటిఫై కూడా 2025 సెప్టెంబరులో లాస్‌లెస్ (శబ్దంలో ఏదీ పోకుండా పంపే పద్ధతి) తెచ్చింది. ఆపిల్ ఆ పని 2021లోనే చేసింది. అయితే జాజ్‌కి అసలు తేడా తెచ్చేది ఎల్పీయో సీడీయో కాదు, ఏ టేపు నుంచి ఎవరు మాస్టరింగ్ (అచ్చుకు ముందు శబ్దాన్ని తీర్చిదిద్దే పని) చేశారన్నది.

ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ సంగతే చూడండి. ఎల్పీలో మొదటి వైపున్న మూడు పాటలూ 1959 మార్చి 2న న్యూయార్క్‌లో రికార్డయ్యాయి. ఆ రోజు ప్రధాన టేపు మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. అలా ఎక్కిన టేపును సరైన వేగంతో తిప్పితే నడకా పెరుగుతుంది, శ్రుతీ పెరుగుతుంది. 1992లో, వేగం సరిగ్గా ఉన్న రెండో మెషీన్ టేపు నుంచి సరిదిద్దేదాకా లోకం విన్నది ఆ హెచ్చు శ్రుతినే. అంటే బోలెడు పోసి కొన్న తొలి ముద్రణ ఎల్పీలో ఉండేదీ అదే! మీ దగ్గరున్నది ఏదో తేల్చుకోవాలంటే అందులో మొదటి పాట ‘సో వాట్’ పెట్టండి. ఉపోద్ఘాతం అయ్యి బేసు అసలు వరుస ఎత్తుకున్నాక సంగీత కీబోర్డు మీద ‘డి’ నొక్కి పట్టండి. రెండో శ్రుతిలో ఖరహరప్రియ మెట్లు చక్కగా కలిస్తే సరిచేసిన ప్రతి. కొద్దిగా గీరుకుంటే పాతది. మధ్యలో ఎనిమిది బార్లు (తాళం ఆవర్తాలు) అరమెట్టు పైకి వెళ్తాయి, అక్కడ పోల్చకండి.

కొత్తగా వినేవాళ్లకు స్ట్రీమింగే చవక. కానీ మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో లాస్‌లెస్‌కి డబ్బు కట్టడం దండగ, దారిలోనే శబ్దం మళ్లీ కుదించబడుతుంది. ఫోన్‌కి చిన్న యూఎస్‌బీ డీఏసీ (డిజిటల్‌ని శబ్ద సంకేతంగా మార్చే పరికరం), వైరున్న హెడ్‌ఫోన్ చాలు. యాప్‌లో వైఫై, మొబైల్ డేటా, డౌన్‌లోడ్‌లకు నాణ్యత విడివిడిగా మార్చాలి. లాస్‌లెస్ డేటా బాగానే తింటుంది. నాకు నచ్చనిది ఒకటే: డ్రమ్స్ ఎవరు, బేసు ఎవరు అన్నది చాలాసార్లు కనిపించదు. జాజ్‌లో అది తెలియకపోతే సగం విన్నట్టే.

ఆ వివరాలు సీడీ పుస్తకంలో ఉంటాయి. 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ చెవికి చాలు. పెట్టిన డబ్బుకి దీన్ని మించింది లేదు. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ మాత్రం 1997 లేదా ఆ తర్వాతి ముద్రణే తీసుకోండి, 1992 సవరణ మామూలు సీడీల్లోకి వచ్చింది అప్పుడే.

ఎల్పీకి ఖర్చుతో పాటు ఓపికా కావాలి. టోన్ పొయెట్, కాస్త చవకైన ‘క్లాసిక్ వినైల్’ రెండింటికీ మాస్టరింగ్ కెవిన్ గ్రేదే. అట్ట మీద మోజు లేకపోతే రెండోది చాలు. రికార్డు 180 గ్రాముల బరువుండటం వల్ల శబ్దం బాగుపడదు. ‘అనలాగ్’ (డిజిటల్ దశ లేకుండా టేపు నుంచే చేసింది) అన్న మాటనూ గుడ్డిగా నమ్మకండి: పాత రికార్డులను మళ్లీ అచ్చేసే కంపెనీ మొబైల్ ఫిడెలిటీ ఎల్పీల తయారీలో డిజిటల్ దశ ఉందని 2022లో బయటపడింది, అప్పటిదాకా వాటిని అనలాగ్ శబ్దమని మెచ్చుకున్నవాళ్లెందరో.

రికార్డు లోపలి అంచుకి వచ్చేసరికి సూది కింద గాడి వేగం సగానికన్నా తగ్గుతుంది. సింబల్స్ (డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లేలు), ట్రంపెట్ బరకబారేది అక్కడే. ప్రోట్రాక్టర్ (కోణం కొలిచే అచ్చు)తో కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) కోణం సరిచూసుకోండి. ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కి సూది గాడి మీద మోపాల్సిన బరువు 2 గ్రాములు. అరుగుతుందని భయపడి తగ్గిస్తే సూది ఎగిరి గాడినే కొడుతుంది. కోస్తా తేమకు కాగితం కవర్లలో బూజు పడుతుంది, ప్లాస్టిక్ లోపలి కవర్లు మార్చి నిలువుగా పెట్టండి. సూట్‌కేస్ ప్లేయర్లలో సూది మోపే బరువు ఆ 2 గ్రాములకు రెండింతలకు పైనే ఉండొచ్చు. వాటి మీద ఖరీదైన రికార్డు ఎక్కించకండి.