పుష్కరం దాటినా విప్పుతున్న కట్ట: ఇన్నిస్ట్రాడ్ మూడు సెట్లు

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అని ఒక కార్డుల ఆట ఉంది. నెల్లూరులో మా ఇంట్లో దీన్ని ఇప్పటికీ పేకాటే అంటారు. "ఏందబ్బయా, పట్టపగలే ముక్కలేసుకోని కూర్చున్నారు, డబ్బులు పోవా?" అని మా అవ్వ కేకలేసేది. "కొనేటప్పుడే పోయినాయి లేవ్వా" అనేవాడు మా బావ. 2012లో చెన్నై నుంచి ప్యాకెట్లు మోసుకొచ్చింది అతనే.

ఈ ఆటలో ఇన్నిస్ట్రాడ్ వరస మూడు విడతలుగా వచ్చింది. 2011 సెప్టెంబరులో ఇన్నిస్ట్రాడ్, 2012 ఫిబ్రవరిలో డార్క్ అసెన్షన్, మే నెలలో అవసిన్ రిస్టోర్డ్. రక్తపిశాచాలు, లేచొచ్చే శవాలు, పొద్దుగూకితే తలుపులేసుకునే పల్లెజనం. అంతా దెయ్యాల కథల వాతావరణమే.

నన్ను పట్టేసింది మాత్రం రెండు ముఖాల ముక్కలు. ఒకవైపు మనిషి, వెనక తోడేలు. ఒక టర్న్‌లో ఎవరూ ఒక్క స్పెల్ (ఖర్చు పెట్టి వేసే ముక్క) కూడా వెయ్యకపోతే మనిషి తోడేలవుతాడు. ఆ తర్వాత ఏ టర్న్‌లోనైనా ఒకరే రెండు స్పెల్స్ వేస్తే మళ్లీ మనిషి. అందుకే చేతినిండా ముక్కలున్నా ఏమీ వెయ్యకుండా కూర్చోవడం నేర్చుకున్నాను. అవతల బావ రెండు చిన్న స్పెల్స్ దాచిపెట్టుకుని నవ్వుతుంటాడు, అదొక టెన్షన్. నా కట్టలో 'మేయర్ ఆఫ్ అవబ్రక్' రెండు మనాలకే (ముక్క వెయ్యడానికి ఖర్చు పెట్టే శక్తి) వచ్చే 1/1, అంటే కొట్టే దెబ్బ ఒకటి, తట్టుకునే దెబ్బ ఒకటి. తిరగబడ్డాడంటే 3/3 అయి, నా ప్రతి టర్న్ చివర ఒక 2/2 తోడేలును కంటాడు. రెండు మూడు టర్న్‌లు ఆపలేకపోతే ఆట అయిపోయినట్టే.

ఇబ్బందల్లా తిప్పడంలోనే. ప్రతిసారీ కవర్లోంచి తీసి, తిరగేసి, మళ్లీ దూర్చాలి. మే నెలలో, కరెంటు పోయినప్పుడు, చెమట చేతులతో! మేయర్ మూలలు తెల్లబడిపోయాయి. ప్యాకెట్లలో వచ్చే చెక్‌లిస్ట్ ముక్కను (రెండు ముఖాల ముక్కకు బదులుగా వాడేది) కట్టలో పెట్టి, అసలుదాన్ని పక్కన ఉంచుకోవాలని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. మెరిసే ఫాయిల్ ముక్కలైతే మా గాలిలో తేమకు అప్పడాల్లా వంగిపోయాయి. కొనకండి.

డార్క్ అసెన్షన్ చిన్న సెట్, 158 ముక్కలే. చచ్చిన జీవి ఒకసారి మరింత బలంగా తిరిగొచ్చే 'అన్‌డయింగ్' కోసమైనా కొనొచ్చు.

మూడోది నాకు ఎక్కలేదు. కథ బాగానే ఉంది: వెండి చెరలో ఇరుక్కున్న దేవదూత అవసిన్ బయటికొస్తుంది, ఆమెతోపాటే రాక్షసుడు గ్రిసెల్‌బ్రాండ్ కూడా. కానీ రెండు ముఖాల ముక్కలు ఈ సెట్లో లేనేలేవు. వాటి బదులు 'మిరకిల్': టర్న్‌లో మొదట తీసిన ముక్క అదే అయితే చవగ్గా వేసేయొచ్చు. అరగంట ఆలోచించి ఆడిన ఆట ఒక్క ముక్కతో తలకిందులవుతుంది. గెలిచినా నాకు గెలిచినట్టే ఉండదు.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు లోపల ఏముందో తెలియని సీలు ప్యాకెట్ల జోలికి పోకుండా, కావలసిన ముక్కలు విడిగా కొనుక్కోవడం మేలు. ఫోటో అడగకుండా మాత్రం డబ్బు పంపొద్దు. 'కొత్తదే' అని ఒకాయన నాకు అమ్మిన ముక్క నడుమ మడత పడి వచ్చింది.

నా అవసిన్ రిస్టోర్డ్ ముక్కలు బిస్కెట్ డబ్బాలో పడున్నాయి. బావ అడిగితే అన్నీ ఇచ్చేస్తాను, గ్రిసెల్‌బ్రాండ్ తప్ప.