మూడేళ్ల సాయంకాలపు పఠన తరగతి: ఒక తల్లి అనుభవం

మా అబ్బాయి నాలుగో తరగతిలో ఉండగా, 2022 జూన్‌లో, తెనాలిలో మా ఇంటికి దగ్గరలో నడిచే ఒక సాయంకాలపు పఠన తరగతిలో వాణ్ణి చేర్చాము. 2025 ఏప్రిల్‌కు మూడు విద్యా సంవత్సరాలు పూర్తయ్యాయి. ఇంగ్లీషు మీడియం బడికి వెళ్లే పిల్లలకు పాత తెలుగు పుస్తకాలతో చదివే అలవాటు పట్టుబడుతుందా అని తెలిసిన తల్లిదండ్రులు తరచు నన్ను అడుగుతూ ఉంటారు కనుక, బాగున్నదీ బాగులేనిదీ దాచుకోకుండా, నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

తరగతి సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం 5 గంటల నుంచి 6.30 వరకు ఒక మేడ మీది హాల్లో జరుగుతుంది. రిటైరైన ఇద్దరు తెలుగు మాస్టార్లు, గ్రంథాలయంలో పనిచేసి వచ్చిన ఒక టీచరుగారు దీన్ని నడుపుతున్నారు. మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇరవై మంది పిల్లలుంటారు. నెలకు 200 రూపాయలు తీసుకుంటారు, అది కూడా పుస్తకాలకూ జిరాక్సులకూ సరిపోతుంది. మొదటి అరగంట మాస్టారు పైకి చదువుతుంటే పిల్లలు వింటారు. ఆ తరువాత పెద్ద తరగతి పిల్లవాడికి చిన్న తరగతి పిల్లవాణ్ణి జత చేసి, ఇద్దరి మధ్య ఒకే పుస్తకం పెట్టి, పేరా ఒకరు పేరా ఒకరుగా చదివిస్తారు. మిగిలిన సమయమంతా మాటలే. మార్కులు, పోటీలు, బహుమతులు లేవు.

మొదటి నెలలోనే పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక మొదలుపెట్టారని తెలిసి నేను భయపడ్డాను. 1853 నాటి గ్రాంథిక వచనం, అరసున్నలు, బండి ఱలు; గుణింతాలే తడబడే పిల్లలు దాన్ని ఎలా భరిస్తారని అనుకున్నాను. ఒక శుక్రవారం వెనక కూర్చుని చూశాను. పావురాలు వలలో చిక్కే కథ చదువుతున్నారు. మనిషి తిరగని అడవిలో నూకలెలా వచ్చాయని పావురాల రాజు చిత్రగ్రీవుడు సందేహించే చోట మాస్టారు ఆగి, నూకలంటే ఏమిటని అడిగారు. బస్తా బియ్యం తప్ప వడ్లు ఎరగని పిల్లల్లో నలుగురైదుగురికి తప్ప ఎవరికీ తెలియలేదు. ఆయన జేబులోంచి కాగితం పొట్లం తీసి, గుప్పెడు నూకలు చాప మీద చల్లారు. ఒక పిల్ల వంగి, గింజలను వేలితో కదిపి చూసి, "ఇవి విరిగిన బియ్యం కదా మాస్టారూ, అడవిలో మిల్లు లేదుగా!" అంది. చిత్రగ్రీవుడి అనుమానం ఆ పిల్లకు అప్పుడు తనదైపోయింది. అక్కడి నుంచి హిరణ్యకుడనే ఎలుక వల కొరికే దాకా ఎవరూ కదలలేదు. ముందు తన కట్లు కాదు, తనవాళ్ల కట్లు తెంచమని రాజు ఎలుకను ఎందుకు అడిగాడన్న మాట మీద వాదన తరగతి అయిపోయి మెట్లు దిగేదాకా సాగింది. అరసున్న గురించి అడిగినవాళ్లకు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. అర్థం కాని మాటలు చాలానే ఉన్నాయి, అయినా చెవికి ఆ వాక్యాల నడక నచ్చింది. మా వాడు ఇంట్లో అన్నం పెట్టమనడానికి కూడా కొన్నాళ్లు ఆ ధోరణిలోనే మాట్లాడాడు.

రెండో ఏడు ఎక్కువగా పాత చందమామ సంపుటాల మీద గడిచింది. 1947 జూలైలో మద్రాసులో మొదలైన ఆ పత్రికను స్థాపించిన చక్రపాణి, 1952 నుంచి 1980లో మరణించేదాకా నడిపిన కొడవటిగంటి కుటుంబరావు, ఇద్దరూ తెనాలి వాళ్లేనని చెప్పినప్పుడు పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. తమ ఊరంటే తెనాలి రామకృష్ణుడి పేరొక్కటే వాళ్లకు తెలుసు. బేతాళ కథలు చదివించే పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చింది. బేతాళుడు ప్రశ్న వేయగానే పుస్తకం మూసేస్తారు. విక్రమార్కుడు ఏం చెబుతాడో, ఎందుకలా చెబుతాడో ప్రతి పిల్లా తన మాటల్లో చెప్పాలి. కథలో ఆధారం చూపకుండా నాకలా అనిపించింది అంటే ఊరుకోరు. అందరూ అయ్యాకే రాజు జవాబు చదువుతారు, అది తమ జవాబు కన్నా బలహీనంగా ఉందనిపిస్తే అలా అనే హక్కు కూడా పిల్లలకు ఉంది. నోరు విప్పని మా అబ్బాయి మొదటిసారి చెయ్యెత్తింది ఈ తరగతుల్లోనే.

పద్యం విషయంలో కూడా వాళ్లు తొందరపడలేదు. పోతన గజేంద్రమోక్షంలో "సిరికిం జెప్పడు" అని మొదలయ్యే పద్యాన్ని పది రోజులు కేవలం వినిపించి, ఆ తరువాత, విష్ణువు ఏమేం చేయకుండా బయలుదేరాడో లెక్కపెట్టమన్నారు. చెప్పడు, సంధింపడు, చీరడు అంటూ ఆరు లెక్క తేలాక, ఆ ఆరు 'డు'ల్లోనే స్వామి తొందరంతా ఉందని పిల్లలకు తెలిసింది. ఆ రాత్రి మా వాడు పద్యం అప్పజెబుతూ శంఖచక్రాల దగ్గర తడబడితే, వంటింట్లో పెరుగు తోడు పెడుతున్న మా అత్తగారు చెంచా పట్టుకునే వచ్చి మిగిలిన పద్యమంతా చదివారు. ఆవిడకు అది వచ్చునని పద్నాలుగేళ్లుగా ఆ ఇంట్లో ఉన్న నాకు తెలియదు. అప్పటి నుంచి వారానికి ఒక పద్యం చొప్పున ఆ ఇద్దరూ కలిసి చదువుకుంటున్నారు.

ఇక లోపాలు. మొదటి ఏడు ప్రతి కథ తరువాతా ఒక ప్రశ్నపత్రం ఇచ్చేవారు, చివరి ప్రశ్న ఎప్పుడూ కథలోని నీతి ఏమిటన్నదే. పిల్లలు కథ వింటూనే నీతి కోసం వెతకడం మొదలుపెట్టి, ఒకరి జవాబు ఒకరు చూసి రాసేవారు. మేము నలుగురం తల్లులం వెళ్లి చెప్పాక ఆరు నెలలకు మానేశారు. చెప్పగానే మానివుంటే బాగుండేది. ఆరో తరగతి, ఆపై పిల్లలకు కన్యాశుల్కం మొదలుపెట్టడం కూడా తొందరపాటేనని నా అభిప్రాయం. గిరీశం మాటలకు పిల్లలు నవ్వారు, కానీ డబ్బుకు ఆడపిల్లలను ముసలివాళ్లకు కట్టబెట్టే ఆ కాలపు ఘోరం తెలియకుండా ఆ నవ్వు సగమే అవుతుంది, అది వివరించబోతే పదకొండేళ్ల పిల్లలకు మోయలేని బరువవుతుంది. మూడు వారాల తరువాత మాస్టార్లే ఆపేసి, ముళ్లపూడి వెంకటరమణ బుడుగు చేతికిచ్చారు. బాపు బొమ్మల కోసం పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు.

మూడో తరగతి పిల్లలనూ ఎనిమిదో తరగతి పిల్లలనూ ఒకే హాల్లో కూర్చోబెట్టడం జంట చదువుకు మంచిదే గానీ, మాట్లాడుకునే సమయంలో చిన్నవాళ్లు వెనకబడిపోతున్నారు. ఇంటికి ఇచ్చే పుస్తకాలు ఒక్కొక్కటి ఒక్క ప్రతే ఉండడం వల్ల, చదవాలన్న కోరిక పుట్టిన వారమే పుస్తకం దొరకదు. దొరికేసరికి ఆ కోరిక చల్లారిపోతుంది. అన్నిటికన్నా బాధించేది, ఎనిమిదో తరగతికి వచ్చేసరికి పిల్లలు ఫౌండేషన్ కోచింగ్‌కు వెళ్లిపోవడం. చిన్నవాళ్లకు బాగా చదివి వినిపించే ఇద్దరు ఆడపిల్లలు ఒకే నెలలో మానేశారు. ఇందులో తరగతి నడిపేవారి తప్పు లేదు, తల్లిదండ్రులమైన మాదే తప్పు.

తెలుగు మార్కులు పెరిగాయా అంటే, పెద్దగా పెరగలేదు. మార్కుల కోసమే అయితే దీనిలో చేర్చవద్దు. ఎవరూ చెప్పకుండా మా అబ్బాయి తనంతట తాను పుస్తకం తీసి కూర్చోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అయిదారు నెలలు చూసి మానిపించిన ఇళ్లలో పిల్లలకు అది రాకముందే తరగతి అయిపోయింది. కనుక రెండేళ్లయినా పంపగలిగితేనే చేర్చండి, మొదటి నెలలో ఒకటి రెండు సార్లు మీరూ వెళ్లి వెనక కూర్చోండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే సాయంత్రం చదివింది వాళ్లకు వినిపించమనండి.

మా అమ్మాయి ఈ జూన్‌లో మూడో తరగతిలోకి వస్తుంది, తననూ అక్కడే చేరుస్తున్నాము. చిన్నవాళ్లకు చివరి పావుగంట విడిగా కేటాయించమని మాస్టార్లను అడిగితే సరేనన్నారు. మా అబ్బాయి తాను దాచుకున్న డబ్బుతో నీతిచంద్రిక రెండో ప్రతి కొని, పేరు రాయకుండా ఆ హాల్లో అల్మారాలో పెట్టి వచ్చాడు.