నాలుగేళ్ళ జపనీస్, రెండు జపాన్ ప్రయాణాలు: నేర్చుకుని, వెళ్ళి చూశాక

నేను జపనీస్ మొదలుపెట్టింది 2021 జూన్‌లో. అప్పటి నుంచి జపాన్‌కి రెండుసార్లు వెళ్ళొచ్చాను. 2023 నవంబర్‌లో ఒంటరిగా పది రోజులు, 2025 ఏప్రిల్‌లో అమ్మతో రెండు వారాలు. జె.ఎల్.పి.టి. అనే జపనీస్ భాషా పరీక్షల్లో కింది రెండు మెట్లు ఎన్5, ఎన్4 పాసయ్యాను, వాటి పై మెట్టు ఎన్3 పోయింది. ఎందుకు పోయిందో తర్వాత చెప్తాను. "జపాన్ వెళ్తున్నాం, భాష నేర్చుకోవడం అవసరమా? చాలా కష్టమటగా?" అని అడిగేవాళ్ళకి ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్తున్నాను. అందుకే ఒకసారి కూర్చుని అంతా రాస్తున్నాను.

ముందు అసలు మాట చెప్పేస్తాను. తెలుగు వచ్చినవాళ్ళు జపనీస్‌ని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకోకూడదు. నేను మొదటి ఏడాది చేసిన పొరపాటు అదే.

నేను చేరిన ఆన్‌లైన్ క్లాసులో పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే. క్రియకి "తె" చేర్చే రూపం దగ్గర రెండు నెలలు ఆగిపోయాను. దానికి ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా అర్థం చెప్పినా బుర్రకెక్కలేదు. ఒకరోజు తెనాలి నుంచి బయల్దేరుతుంటే అమ్మ వంటింట్లోంచి అంది: "గోంగూర కాస్త తిని చూడు. సీసాలో వేసి పెట్టాను. వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళు." బస్సులో కూర్చున్నాక ఆ మూడు వాక్యాలు మళ్ళీ మనసులో మెదిలాయి. తిని చూడు, తబెతె మితె. వేసి పెట్టాను, ఇరెతె ఒయిత. తీసుకెళ్ళు, మొత్తె ఇత్తె. మితె అంటే చూడు. ఒయిత అంటే పెట్టాను. ఇత్తె అంటే వెళ్ళు. మాటకి మాట సరిపోయింది! తినడంలో "చూడటం" ఏముందని మనం ఎప్పుడూ ఆలోచించం, వాళ్ళూ ఆలోచించరు. రెండు నెలలు నేను కుస్తీ పట్టింది నాకు పుట్టినప్పటి నుంచీ వచ్చిన దానితో.

ఆ రోజు నుంచి నోట్సు తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాను. క్రియ చివర వస్తుంది, విభక్తి మాట వెనక చేరుతుంది. "నిన్న కొన్న పుస్తకం" అనాలంటే కినో కత్త హొన్, అదే వరస. "వస్తానని చెప్పాడు"లో మన "అని" ఎక్కడుంటుందో వాళ్ళ "తొ" అక్కడే ఉంటుంది. "నాకు నీళ్ళు కావాలి"లో నీళ్ళే కర్త అని ఇంగ్లిష్‌లో చదివితే వింతగా ఉంటుంది, మనకి అది రోజూ అనే మాట. అన్నకి, తమ్ముడికి వేరే మాటలు. అక్కకి, చెల్లెలికి వేరే మాటలు. "రాలేదా?" అంటే "ఆఁ, రాలేదు" అన్నట్టే వాళ్ళూ "హై, కిమసెన్ దెషిత" అంటారు. మాట వెనక చేరి అందరినీ ఏడిపించే "వా", "గా" ప్రత్యయాల తేడా కూడా మనకి కొంత సులువే. "కాఫీ అయితే తాగుతాను"లో "అయితే" ఉన్నచోట వా వేయండి. "ఎవరు చేశారు?" అన్నప్పుడు "నేనే" అంటామే, ఆ "ఏ" ఉన్నచోట గా వేయండి. ఇది అన్నిచోట్లా పనిచేయదు. కానీ మొదటి ఏడాదికి చాలు.

ఉచ్చారణలోనూ మనకి కలిసొచ్చేది ఎక్కువ. బీరు అంటే తాగే బీరు, బిరు అంటే భవనం. ఒబసాన్ అంటే పిన్ని వయసావిడ, ఒబాసాన్ అంటే బామ్మ. హ్రస్వం, దీర్ఘం తేడా మన చెవికి పుట్టుకతో వచ్చింది. తేదీల్లో నాలుగో తారీఖు యొక్క, ఎనిమిదో తారీఖు యోక. మన వ్యాకరణంలో "యొక్క" ఉన్నవాళ్ళం, ఒత్తు ఎందుకు వదిలేస్తాం? "త్సు" పలకలేక చాలామంది "సు" అంటారు. తెలుగువాళ్ళు చుక్క, చాప, చుట్టం అని ఇంట్లో పలికినట్టు పలికితే చాలు. ఆ చ అదే.

ఇక కష్టాలు. ఇవి నిజమైన కష్టాలే, తక్కువ చేసి చెప్పను.

మొదటిది, మనం కర్తని వదిలేసినా క్రియ చివర మనిషి ఉంటాడు. వచ్చాను, వచ్చావు, వచ్చింది. జపనీస్‌లో కర్తనీ వదిలేస్తారు, క్రియా మారదు. "కిమషిత" అంటే ఎవరు వచ్చారో ముందు మాటల్ని బట్టి పట్టుకోవాలి. ఒక్క వాక్యం వినకపోతే తర్వాతి నాలుగూ ఎవరి గురించో తెలియదు. రెండోది మర్యాద. తిను, తినండి, ఆరగించండి అని మనకీ మెట్లున్నాయి కాబట్టి సులువనుకున్నాను. కానీ మనం బయటివాళ్ళతో "మా నాన్నగారు" అంటాం. వాళ్ళు బయటివాళ్ళ ముందు సొంతవాళ్ళని తగ్గించి చెప్తారు. ఇంట్లో ఒతోసాన్ అని పిలిచే నాన్నే బయటివాళ్ళ దగ్గర చిచి అవుతాడు. అలవాటు కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

మూడోది కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు. కాన అనే రెండు ధ్వని లిపులు, హిరగానలో 46, కతకానలో 46 మూలాక్షరాలు, నెలలోపే వచ్చేస్తాయి. నిత్య వ్యవహారానికని ప్రభుత్వం పెట్టిన కాంజీల జాబితాలో 2,136 ఉన్నాయి. సంఖ్య కంటే కష్టం ఏమిటంటే ఒక్కో అక్షరానికి ఎన్నో ఉచ్చారణలు. జీవం, పుట్టుక అనే అర్థమున్న ఒక అక్షరం ఉంది. సెన్సేయ్ (గురువు)లో అది సేయ్, తంజోబి (పుట్టినరోజు)లో జో, ఇకిరు (బతకడం)లో ఇ, ఉమరెరు (పుట్టడం)లో ఉ, పీపా బీరుకి ముందు నమ. ఊళ్ళ పేర్లూ అంతే. ఒకే రెండక్షరాలు టోక్యోలో నిహొన్‌బషి, ఒసాకాలో నిప్పొన్‌బషి. వ్రాసినట్టే చదివే లిపిలో పెరిగినవాళ్ళకి ఇది మనసొప్పని విషయం. మాటలో పెట్టి నేర్చుకోవడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు.

కాంజీ కోసం నేను మూడేళ్ళుగా వాడుతున్నది అంకి అనే ఫ్లాష్‌కార్డుల యాప్. ఆ మాటకి జపనీస్‌లో కంఠస్థం చేయడమనే అర్థం. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. మర్చిపోయే సమయానికి కార్డు మళ్ళీ చూపిస్తుంది, అంతే దాని పని, ఆ పని బాగా చేస్తుంది. మొదట్లో రోజుకి 20 కొత్త కార్డులు పెట్టుకున్నాను. సంక్రాంతికి ఐదు రోజులు ఊరెళ్ళొచ్చేసరికి 900 కార్డులు ఎదురుచూస్తున్నాయి. ఆ అంకె చూసి మూడు వారాలు యాప్ తెరవలేదు. ఇప్పుడు రోజుకి ఎనిమిదే. ఇంకొకరు తయారుచేసిన కార్డులు తీసేసి, నేను విన్న వాక్యాలే తెలుగు అర్థంతో వేసుకుంటున్నాను. 700 కాంజీల దాకా గుర్తుపడుతున్నాను. నెమ్మదే, కానీ ఆగలేదు.

మొదటి ప్రయాణం గురించి. ఎన్5 చేతిలో ఉంది, ధైర్యంగా వెళ్ళాను. టోక్యోలో అసాకుసా దగ్గర దిగి, రాత్రి పదింటికి కన్వీనియెన్స్ స్టోర్‌కి వెళ్ళి ఒనిగిరి (అన్నం ముద్ద), పాలు తీసుకున్నాను. కౌంటర్‌లో అబ్బాయి వరసగా ఏవో అడిగాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గదికొచ్చి గుర్తున్నంతవరకు రాసుకుంటే తెలిసింది: సంచి కావాలా, వేడి చేయమంటారా, ఇక్కడే తింటారా అని. మూడూ నాకు తెలిసిన విషయాలే. కానీ క్లాసులో "ఫుకురో వా ఇరిమస్ క" అని నేర్పారు, కొట్లో "ఫుకురో వా గొరియో దెస్ క" అంటారు. పుస్తకంలో మర్యాద పాఠం చివర్న ఉంటుంది, జపాన్‌లో దిగిన మొదటి రాత్రే అది ఎదురవుతుంది. ఈ ప్రశ్నలు ఊరికే అడగరు. 2020 జులై నుంచి ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకోవాలి. 2019 అక్టోబర్ నుంచి తిండి పట్టుకెళ్తే పన్ను 8 శాతం, అక్కడే కూర్చుని తింటే 10 శాతం. అందుకే అడుగుతారు. కారణం తెలిశాక ఏ ప్రశ్న ఎప్పుడొస్తుందో ముందే ఊహించగలిగాను. మూడో రోజుకి టెన్షన్ పోయింది.

అదే ప్రయాణంలో నాకు బాగా గుర్తున్నది షిన్‌కాన్‌సెన్ బుల్లెట్ రైల్లో విన్న రెండు మాటలు. "మమొనకు, క్యోతో దెస్." ఇంకాసేపట్లో క్యోతో అని. ఎవరూ అనువదించకుండా, నేను కూడబలుక్కోకుండా దానంతటదే అర్థమైన మొదటి మాట అది. కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు అదే తలుచుకున్నాను.

నిజాయితీగా చెప్పాలంటే, టోక్యో, క్యోతో, ఒసాకా తిరిగి రావడానికి భాష అక్కర్లేదు. స్టేషన్ బోర్డుల మీద ఇంగ్లిష్ ఉంటుంది, కార్డు తాకిస్తే గేటు తెరుచుకుంటుంది, ఫోన్ దారి చూపిస్తుంది. భాష అవసరమయ్యేది తిండి దగ్గర. అందులోనూ శాకాహారులకి. అమ్మతో వెళ్ళినప్పుడు నాకు అది పూర్తిగా తెలిసింది.

అమ్మ గుడ్డు కూడా తినదు. "నికు" తినం అని చెప్తే వాళ్ళు మాంసం వరకే అనుకుంటారు, చేప అందులోకి రాదు. చేప తినం అని చెప్పినా దాషి మిగిలే ఉంటుంది. దాషి అంటే ఎండబెట్టిన కత్సువో చేపతోనో, కొంబు అనే సముద్రపు నాచుతోనో కాచిన నీళ్ళు. పులుసులో, ముంచుకునే సాస్‌లో, ఉడికించిన కూరల్లో, అన్నిట్లో అదే. నారాలో ఒక చిన్న సోబా (బక్‌వీట్ నూడుల్స్) కొట్టుకి వెళ్ళాం, నాలుగే బల్లలు. నడిపేది ఒక పెద్దావిడ. నేను ముందే సాధన చేసుకున్న వాక్యం అడిగాను: "దాషి ని మొ సకన వా త్సుకత్తె ఇమస్ క?" దాషిలో కూడా చేప వాడుతున్నారా అని. ఆవిడ ఒక్క క్షణం ఆగి లోపలికెళ్ళి, గుప్పెడు కత్సువోబుషి, అంటే ఎండిన ఆ చేప తురుము, గిన్నెలో వేసి తెచ్చింది. చెక్కని చిత్రిక పట్టినప్పుడు రాలే పొట్టులా, గులాబీ రంగులో, పల్చగా. ఇది అన్నిట్లో ఉంది, క్షమించాలి అని తల వంచింది. మేం లేవబోతుంటే కూర్చోమని సైగ చేసి, వట్టి సోబా ఉడికించి, సోయా సాస్, ముల్లంగి తురుము పక్కన పెట్టి, ఒక గిన్నె అన్నం, రెండు ఉమెబోషి ఇచ్చింది. ఉప్పులో ఊరిన ఆ ఎర్రటి కాయని అమ్మ అన్నంలో నలిపి కలుపుకుని, "మన ఉసిరికాయ పచ్చడి గుర్తొస్తోంది" అంది. అది తెలుగులోంచి జపనీస్‌లోకి మార్చి చెప్పడానికి నాకు మాటలు సరిపోయాయి. నాలుగేళ్ళ చదువుకి నాకు దక్కింది ఆ పూట భోజనం.

అమ్మ కడుపునిండా తిన్నది మాత్రం కోయసాన్ అనే బౌద్ధ మఠాల కొండ మీద. ఒసాకాలో నంబ నుంచి నంకాయ్ రైలు, చివర కేబుల్ కారు. అక్కడి గుడి బసల్లో పెట్టే షోజిన్ భోజనంలో మాంసం, చేప ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. నువ్వులతో చేసే గోమదోఫు అమ్మకి బాగా నచ్చింది. శాకాహారులైన పెద్దవాళ్ళతో వెళ్తే రెండు రాత్రులు అక్కడ పెట్టుకోమని చెప్తాను.

అక్కడి ఓకునోయిన్ శ్మశానంలో రాతి స్తంభాల మీద అక్షరాలు చూసి అమ్మ ఆగిపోయింది. "ఇవి చైనా అక్షరాల్లా లేవే?" అంది. అవి సిద్ధం అనే లిపిలో రాసిన సంస్కృత బీజాక్షరాలు. 806లో చైనా నుంచి తిరిగొచ్చి ఈ కొండ మీద మఠం పెట్టిన కూకాయ్ సంస్కృతం చదువుకున్నవాడు. కాన అక్షరాల వరసకీ ఆ సంస్కృత చదువే ఆధారం. అ ఇ ఉ ఎ ఒ, ఆ తర్వాత క స త న హ మ య ర వ. పాతకాలంలో వాళ్ళ హ కాస్తా ప, స దాదాపు చ. ఆ లెక్కన చదివితే క చ త న ప మ య ర వ. మొదటి నెలలో ఈ వరసని అర్థం లేనిదనుకుని బట్టీ పట్టాను, అది మా బళ్ళో పలక మీద దిద్దిన వరసే.

క్యోతోలో మేం దిగిన బసలో యజమానురాలు రోజూ పొద్దున గుమ్మం దాకా వచ్చి "ఇత్తెరష్షై" అనేది. అంటే ఏమిటని అమ్మ అడిగింది. వెళ్ళి రండి అని చెప్పాను. "మనలాగే, ఉత్తినే వెళ్ళండి అనరన్నమాట" అని, మర్నాటి నుంచి అమ్మే ముందుగా "ఇత్తెకిమస్" అనడం మొదలుపెట్టింది. వెళ్ళొస్తాం.

ఇక పరీక్ష సంగతి. ఎన్3లో మొత్తం 180కి 95 రావాలి, మూడు భాగాల్లో ప్రతిదానిలో 60కి 19 తప్పనిసరి. నాకు మొత్తం మార్కులు దాటాయి, వినే భాగంలో 17 వచ్చాయి. చదవడం మీదే పడి వినడం వదిలేసిన ఫలితం. ఆ పరీక్షలో మాట్లాడటం, రాయడం అసలు ఉండవు కాబట్టి, పాసైతే మాట్లాడగలమని అనుకోవద్దు. ప్రయాణం కోసమే అయితే పరీక్ష జోలికి వెళ్ళక్కర్లేదు. మూడు నెలల సమయం ఉంటే నా సలహా ఇది: హిరగాన కంటే ముందు కతకాన నేర్చుకోండి. మెనూలో చికెన్, పోర్క్, హామ్ లాంటి ఇంగ్లిష్ మాటలన్నీ అందులోనే ఉంటాయి, ప్యాకెట్ వెనక "ఎకిసు" అని కనబడితే ఏదో ఒక మాంసం సారం కావచ్చు, ఆపి చదవండి. మాంసం, చేప, గుడ్డు, కోడి, ఆవు, పంది, ఈ ఆరు కాంజీలు గుర్తుపట్టండి. కౌంటర్ ప్రశ్నలు చెవితో నేర్చుకోండి, కాగితం మీద కాదు. పది వేలకి "మన్" అనే వేరే మాట ఉంది, గొమన్ అంటే యాభై వేలు, ధరలు వినడానికి అదొక్కటి అలవాటు చేసుకుంటే చాలు.

నేను డిసెంబర్‌లో మళ్ళీ ఎన్3 రాస్తున్నాను. ఈసారి పుస్తకం సగం పక్కన పెట్టి, ఆఫీసుకి వెళ్ళే మెట్రోలో రోజూ నలభై నిమిషాలు వింటున్నాను. ఒకే వార్త మూడుసార్లు. మొదటిసారి ఎవరి గురించో, రెండోసారి ఏం జరిగిందో, మూడోసారి క్రియ చివర ఏముందో. మూడోసారికి దిగాల్సిన స్టేషన్ వచ్చేస్తుంది.