తేలు గడ్డితో ఎనిమిదేళ్లు: వండాను, కాచాను, కుట్టించుకున్నాను

ముందే చెప్పేస్తాను. తేలు గడ్డి అంటే హిమాలయాల కొండల్లో పెరిగే, తాకితే కుట్టే మొక్క. ఆకుకూరగా అయితే ఐదుకు నాలుగున్నర మార్కులు. టీగా రెండు. మందుగా మాత్రం మార్కులు వేయలేను. ఏ భాగం వాడారు, ఎవరు వాడారు, వాళ్లు ఇంకేం మాత్రలు మింగుతున్నారు అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఈ చివరి సంగతి మాకు మా అత్తయ్య వల్ల తెలిసొచ్చింది. ఆ కథ కాస్త ఆగి చెబుతాను.

మా వారి ఉద్యోగం రీత్యా 2015లో గుంటూరు నుంచి ఉత్తరాఖండ్‌లోని పౌడీకి వెళ్లాం. దాదాపు 1,800 మీటర్ల ఎత్తున, కొండవాలుకి అంటుకున్నట్టుండే ఊరు. వెళ్లిన వారానికే ఇంటి వెనక మెట్ల పక్కన పుదీనాలాంటి మొక్క గుబురుగా కనబడింది. పచ్చడికి పనికొస్తుందని చెయ్యి పెట్టాను. అంతే, ఒకేసారి పది కందిరీగలు కుట్టినట్టయింది. నా కేక విని పక్కింటావిడ పరుగున వచ్చి, చెయ్యి చూసి, ముందు నవ్వింది. తర్వాత రుద్దవద్దని చెప్పి సబ్బునీళ్లతో కడిగించింది. మంట గంటలో తగ్గింది గానీ, ఆ చిమచిమ మర్నాటి దాకా పోలేదు. ఆవిడ నన్ను 'భులీ' అనేది. అక్కడి గఢ్వాలీ భాషలో చెల్లెలని. నేను దీదీ అనేదాన్ని. మా పరిచయం అలా మొదలైంది.

పౌడీ ఉన్న గఢ్వాల్ ప్రాంతంలో దీన్ని కండాలీ అంటారు, పక్కనున్న కుమావూఁ ప్రాంతంలో సిసూణ్, నేపాల్‌లో సిస్ను. హిందీలో బిచ్ఛూ ఘాస్, అంటే తేలు గడ్డి. శాస్త్రీయ నామం అర్టికా డయోయికా. ఆకుల మీదా కాడల మీదా గాజుసూదుల్లాంటి సన్నని నూగు ఉంటుంది. తాకగానే దాని కొన పుటుక్కున విరిగి, మిగిలిన గొట్టం ఇంజెక్షన్ సూదిలా చర్మంలో దిగుతుంది. హిస్టమిన్, అసిటైల్‌కోలిన్, సెరటోనిన్ లాంటివి లోపలికి వెళతాయి. ఉడికించినా, బాగా ఎండబెట్టినా, మెత్తగా నూరినా ఆ సూదులు పనిచేయవు. ఇంత కుట్టే మొక్కని కూర వండుకోగలగడానికి కారణం అదే.

ఇక్కడొక హెచ్చరిక. ఇది మన దూలగొండి కాదు, దురదగొండీ కాదు. మన దగ్గర ఆ పేర్లతో పిలిచేవాటిలో ఒకటి చిక్కుడు కుటుంబపు తీగ, కాయల మీది నూగు దురద పెడుతుంది. ఇంకొకటి ఆముదం కుటుంబానిది. కండాలీకి ఈ రెండింటితోనూ చుట్టరికం లేదు. ఫోన్లో నేను "దురద పెట్టే ఆకు" అన్న పాపానికి మా చెల్లెలు మూలికల కొట్టుకు వెళ్లి దూలగొండి గింజల పొడి తెచ్చుకుని, "ఎన్ని చెంచాలు వేసుకోమంటావక్కా?" అని అడిగింది. ఆ గింజల్లో ఉండేది పార్కిన్సన్స్ జబ్బుకి వాడే ఎల్-డోపా. మూత కూడా తియ్యొద్దే అని చెప్పాను.

కూరగా

దీదీ ఇంట్లో కోత చూడాల్సిందే. ఒక చేత్తో చిమటా, అంటే పట్టకారు, ఇంకో చేత్తో కొడవలి. చిగురు నాలుగైదు ఆకుల వరకే కోస్తుంది. చలి వెళ్లాక మొదటి చిగుళ్లు వచ్చే రోజులు దీనికి మంచివి. పూత వచ్చాక ముదురాకు ముట్టుకోదు. అందులో సన్నని ఇసుకలాంటి గట్టి కణాలు పెరుగుతాయి, నోటికీ గరగరే, మూత్రనాళానికీ మంచివి కావంటారు. చిమటాతోనే నీళ్లలో ఝాడించి, మరిగే నీళ్లలో వేసి రెండు నిమిషాలు ఉడికిస్తే ఆకు లొంగిపోతుంది. ఇక చేత్తో పిండుకోవచ్చు. మొదటిసారి ఆ పని చేసేటప్పుడు నా గుండె దడదడలాడింది.

అక్కడి పద్ధతి ఇది. ఉడికిన ఆకుని రోట్లో మెదిపి, ఇనప కడాయిలో వెల్లుల్లి, ఎండుమిర్చి, జఖియా గింజలతో తాలింపు పెట్టి, చిక్కదనానికి బియ్యప్పిండి కలిపిన నీళ్లు పోస్తారు. ఝంగోరాతో తింటారు. ఝంగోరా అంటే మన ఊదలే. రుచి పాలకూరకి దగ్గరగా ఉంటుంది, కానీ ఇంకా గాఢంగా, కొంచెం మట్టివాసనతో. నేను మాత్రం మన బుద్ధి పోనిచ్చుకోకుండా కందిపప్పుతో కలిపి పప్పు చేశాను. చింతపండు వేస్తే ఆ పచ్చదనం పోయి బూజురంగు వచ్చింది, కానీ రుచి అమోఘం. మా వారు తోటకూర పప్పు పేరెత్తడం మానేశారు.

ఇనుము పుష్కలం, రక్తం పడుతుంది అని అందరూ అంటారు. నాకు అప్పట్లో హిమోగ్లోబిన్ 9.8. మూడు నెలలు వారానికి నాలుగు రోజులు తిన్నాను. మళ్లీ పరీక్ష చేయిస్తే 10.1. తర్వాత లెక్క చూసుకుంటే విషయం అర్థమైంది. ఉడికించిన ఆకు 100 గ్రాముల్లో ఇనుము 1.64 మిల్లీగ్రాములే. మన ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. ఆ కాస్త పెరగడానికీ ఆకు కన్నా దీదీ ఇచ్చిన ఇనప కడాయే ఎక్కువ సాయం చేసిందేమో! చివరికి డాక్టరు రాసిన ఐరన్ మాత్రలతోనే 12 దాటింది. అయితే కాల్షియం విషయంలో ఈ ఆకుని తక్కువ చేయలేం. అదే 100 గ్రాముల్లో 481 మిల్లీగ్రాములు. పీచు కూడా బాగా ఉంటుంది.

టీగా

పౌడీ చుట్టూ చీడ్ అనే పైన్ చెట్ల అడవులు. వసంతంలో పుప్పొడి గాల్లో పసుప్పచ్చగా తేలుతుంది. మా అబ్బాయికి ఆ నెలన్నర తుమ్ములే తుమ్ములు. ఎండాకు రెండు చెంచాలు వేడినీళ్లలో పదినిమిషాలు నానబెట్టి, తేనె కలిపి రెండు సీజన్లు ఇచ్చాను. తేడా ఏమీ కనబడలేదు. అలర్జీ మాత్ర సెట్రిజిన్ వేసిన రోజు మాత్రం ముక్కు ఊరుకునేది.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. 1990లో అమెరికాలో ఒక పరీక్ష జరిగింది, 69 మంది చివరిదాకా ఉన్నారు. డమ్మీ మందు కన్నా కొంచెం మెరుగని తేలింది. కానీ వాళ్లు వాడింది గడ్డకట్టించి ఎండబెట్టిన ఆకు గుళికలు. మనం కాచుకునే టీ కాదు. ఆ తేడా ప్యాకెట్ల మీద ఎవరూ రాయరు.

టీ నిజంగా చేసే పని ఒకటుంది. మూత్రం ఎక్కువగా వస్తుంది. రాత్రి ఎనిమిదికి తాగి పడుకుంటే తెలుస్తుంది.

కుట్టించుకోవడం

దీన్ని చదివి ఎవరైనా నన్ను పిచ్చిదాన్ననుకున్నా పర్వాలేదు. బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నాకు అరుగుదల నొప్పి. సీసా మూత తిప్పాలన్నా, చపాతీ పిండి కలపాలన్నా ప్రాణం పోయేది. దీదీ వాళ్ల అమ్మగారు, ఎనభై దాటిన మనిషి, మోకాళ్ల మీద కండాలీ కొట్టించుకోవడం నేను కళ్లారా చూశాను. అక్కడ పాతకాలంలో బడి ఎగ్గొట్టిన పిల్లల పిక్కల మీదా ఇదే ప్రయోగం. ఒకే కొమ్మ, ఒకరికి శిక్ష, ఇంకొకరికి చికిత్స.

వారంరోజులు, రోజుకొకసారి, ఒక ఆకు వెనకవైపు బొటనవేలి మొదట్లో అరనిమిషం అద్దించుకున్నాను. దద్దుర్లు లేచేవి, పదినిమిషాలు మండేది, తర్వాత గంటలకొద్దీ వెచ్చగా చిమచిమలాడేది. నాలుగో రోజుకి నొప్పి తగ్గింది. వారం అయ్యాక మరో పది పన్నెండు రోజులు బాగుంది. తర్వాత మళ్లీ మొదటికొచ్చింది. మూడు నాలుగుసార్లు ఇలాగే చేశాను, ప్రతిసారీ అంతే.

ముల్లుని ముల్లుతోనే తీయాలన్న సామెతకి ఇంతకన్నా నిఖార్సయిన ఉదాహరణ నాకు దొరకలేదు. 2000లో ఇంగ్లండులో డాక్టర్లు సరిగ్గా ఇదే బొటనవేలి నొప్పి మీద 27 మందితో పరీక్ష చేసి, నొప్పి తగ్గిందని రాశారు. నాకున్న అనుమానం ఒకటే. పోల్చడానికి వాళ్లు వాడిన ఇంకో ఆకు కుట్టదు. కుట్టిందో లేదో మనిషికి తెలియకుండా ఉంటుందా? మంట నొప్పిని మరిపిస్తోందా, నిజంగా వాపు తగ్గుతోందా అన్నది నా వేలితో తేలలేదు. అలర్జీ, ఉబ్బసం ఉన్నవాళ్లు, మధుమేహంతో చర్మానికి స్పర్శ తగ్గినవాళ్లు దీని జోలికి పోవద్దు. మా అబ్బాయిని దగ్గరికి కూడా రానివ్వలేదు.

వేరు, మా వారి రాత్రులు

మా వారికి యాభై ఆరు దాటాక రాత్రి నాలుగుసార్లు లేవడం మొదలైంది. మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి వల్లే అని తెలుస్తూనే ఉంది, డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లరు. కండాలీ మంచిదని ఎవరో చెబితే ఈయన ఇంట్లో ఉన్న ఆకు టీ రెండు పూటలా తాగారు. నాలుగు కాస్తా ఆరయింది. ఆకు చేసే పని మూత్రం పెంచడం, ప్రొస్టేట్‌కి వాడేది ఆ మొక్క వేరుని. జర్మనీలో మూలికా మందుల కోసం ప్రభుత్వం వేసిన కమిషన్-ఇ కూడా వేరునే మూత్ర విసర్జన ఇబ్బందికి ఒప్పుకుంది. అదీ తొలి దశల్లోనే. గ్రంథి పరిమాణం తగ్గుతుందని అది చెప్పలేదు.

వేరు గుళికలు ఐదు నెలలు వాడారు. నాలుగు మూడయింది. కొన్ని రాత్రులు రెండు. ఇరాన్‌లో 620 మందితో ఆరు నెలలు జరిగిన ఒక పరీక్షలోనూ లక్షణాలు తగ్గాయని చెప్పారు కాబట్టి పూర్తిగా భ్రమ అనను. కానీ చివరికి నేను పోరు పెట్టి తీసుకెళితే, స్కానింగులో మూత్రాశయంలో మిగిలిపోతున్న మూత్రం చాలా ఎక్కువని తేలింది. ఆ ఐదు నెలలూ పరీక్ష చేయించకుండా గడిపేశాం. డాక్టరు రాసిన మాత్రతో ఇప్పుడు ఒక్కసారి లేస్తున్నారు. గుళికల డబ్బా ఇంకా అల్మారాలోనే ఉంది.

అత్తయ్య సంగతి

2018 వేసవిలో అత్తయ్య మా దగ్గరికి రెండు నెలలు ఉండడానికి వచ్చారు. గుండెలో కృత్రిమ కవాటం ఉంది, రక్తం గడ్డకట్టకుండా ఏళ్లుగా వార్ఫరిన్ వేసుకుంటున్నారు. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షలో ఆవిడ అంకె 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డలు, పెరిగితే రక్తస్రావం. మనిషి చాలా క్రమశిక్షణగా ఉంటారు, మాత్ర ఒక్కరోజు తప్పదు.

కండాలీ పప్పు ఆవిడకి తెగ నచ్చేసింది. "ఇదేం ఆకే అమ్మాయ్, నెయ్యేసుకుని తింటే ప్రాణం లేచొస్తోంది" అంటూ దాదాపు రోజూ అడిగి చేయించుకునేవారు. వేడుకగా టీ కూడా. పెద్దావిడ ఇష్టంగా తింటుంటే నాకు సంతోషం. మూడు వారాల తర్వాత మామూలుగా చేయించే పరీక్ష చేయిస్తే 1.5 వచ్చింది. నెలకి ముందు 2.9 ఉన్న మనిషికి.

ఫోన్లో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న మాత్ర గురించి కాదు. "కొత్తగా ఏం ఆకుకూర తింటున్నారు?" అన్నారు. నా నోట మాట రాలేదు. ఉడికించిన ఈ ఆకు 100 గ్రాముల్లో విటమిన్ కె దాదాపు 500 మైక్రోగ్రాములు. ఒక మనిషికి రోజుకు కావలసిన దానికి నాలుగైదు రెట్లు. రక్తం గడ్డకట్టడానికి శరీరం వాడుకునేది ఆ విటమిన్‌నే, వార్ఫరిన్ అడ్డుకునేదీ దాని పనినే. నేను ఆప్యాయంగా వడ్డిస్తున్న పప్పు ఆవిడ మందుని విరగ్గొడుతోంది. కవాటం మీద గడ్డ కట్టి ఉంటే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉండేది.

వెంటనే మానిపించేద్దామంటే డాక్టరు అదీ వద్దన్నారు. వార్ఫరిన్ మోతాదు పెంచాక ఆకు ఒక్కసారిగా ఆపితే ఐఎన్ఆర్ అటువైపు దూకి రక్తస్రావం కావచ్చట. ఆకుకూర ఏదైనా ప్రతివారం ఒకే కొలతలో తినాలన్నది ఆయన చెప్పిన సూత్రం. కొన్నాళ్లు వారానికి రెండుసార్లు రక్తపరీక్షలు, ప్రతిసారీ ఫలితం వచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షన్. అత్తయ్య ఒక్కరే నవ్వారు. "ఆకు కుడుతుందన్నావు గానీ, వండాక కూడా కుడుతుందని చెప్పలేదేమే?" అన్నారు.

అప్పటి నుంచి మా ఇంటికి ఎవరొచ్చినా, ఈ కూర వడ్డించే ముందు ఏ మాత్రలు వేసుకుంటున్నారో అడుగుతాను. రక్తం పల్చబడే మందులే కాదు, బీపీకి, షుగరుకి, మూత్రం ఎక్కువ రావడానికి మందులు వేసుకునేవాళ్లు గుళికలూ టీలూ రోజూ వాడాలంటే వాళ్ల డాక్టరుకి చెప్పి తీరాలి. కిడ్నీ, గుండె జబ్బుతో కాళ్లవాపు ఉన్నవాళ్లకి, గర్భిణులకి అసలు వద్దు.

కొనేవాళ్లకి

2023లో గుంటూరు తిరిగొచ్చాం. మన ఎండలకి ఈ మొక్క బతకదు. కుండీలో ప్రయత్నించాను, ఏప్రిల్ దాటలేదు. ఆన్‌లైన్‌లో ఎండాకు 50 గ్రాములు నాకు రెండున్నర వందల దాకా పడింది. ప్యాకెట్ మీద శాస్త్రీయ నామం ఉందో లేదో, ఆకో వేరో స్పష్టంగా రాశారో లేదో చూడండి. ఆకు ముదురాకుపచ్చగా ఉండాలి. గోధుమరంగు తిరిగి ఎండుగడ్డి వాసన వస్తుంటే పాతది. పొడి కన్నా ఆకే నయం, ఏం కలిపారో కంటికి కనబడుతుంది. ఒకసారి కొన్న పొడిలో సగం కాడలే వచ్చాయి. "షుగరు, కీళ్లు, జుట్టు, రక్తం అన్నిటికీ ఒకటే" అని రాసి ఉన్న ప్యాకెట్ అయితే నేను తిరిగి అరలో పెట్టేస్తాను.

ఈ ఏడాది దీదీ ఎండాకుతో పాటు చిన్న పొట్లంలో జఖియా గింజలు కూడా పంపింది. తాలింపులో వేస్తే చిటపటమని ఆవాల కన్నా గట్టిగా పేలతాయి. అవి అయిపోతే ఎలాగా అని వెతికితే తెలిసింది, జఖియా అంటే మన కుక్కవామింటే. ఎనిమిదేళ్లు కొండల మీద అపురూపంగా వాడిన గింజ మా ప్రహరీ గోడ పక్కన కలుపు మొక్కై పెరుగుతోంది. నిన్న ఎండిన కాయలు గుప్పెడు దులిపి సీసాలో పోశాను.